కప్ప శిలాజాల పరిశోధకులు కావాలంటే: సిరోంచా నుంచి కిన్వట్ దాకా మన నేలలోనే మొదలుపెట్టే దారి

శిలాజం అనగానే అందరికీ డైనోసార్ తొడ ఎముక గుర్తొస్తుంది. కప్ప శిలాజాల పని అలా ఉండదు. ఈ పనిలో మీ చేతికొచ్చే ఎముక చాలాసార్లు 3 నుంచి 8 మిల్లీమీటర్లే ఉంటుంది, అది కూడా విరిగిన ముక్క. తవ్వడం కంటే మట్టి కడగడం, జల్లెడ పట్టడం, సూక్ష్మదర్శిని కింద ఏరడం ఎక్కువ. నేర్చుకోవలసిన అసలు విద్య రెండు మాటల్లో చెప్పొచ్చు. బతికున్న కప్ప అస్థిపంజరం కంఠతా రావాలి, మట్టిని ఓపిగ్గా కడగడం రావాలి. డిగ్రీ, నెట్, పీహెచ్‌డీ అన్నీ అవసరమే. కానీ ఈ రెండూ రానివాళ్లకు అవి ఉన్నా కప్ప దొరకదు.

గడ్చిరోలి, చంద్రపూర్, యవత్మాళ్, నాందేడ్ జిల్లాల తెలుగువాళ్లకు ఒక మేలుంది. ఈ పనికి కావలసిన రాళ్లు మన చేలగట్ల మీదే ఉన్నాయి.

మన చుట్టూ ఉన్న మూడు రకాల రాళ్లు

మొదటిది దక్కన్ ట్రాప్ పొరల మధ్య చిక్కుకున్న మట్టి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద లావా విడతలు విడతలుగా పారింది. ఒక విడతకూ ఇంకో విడతకూ మధ్య నీళ్లు నిలిచి చెరువులు, మడుగులు ఏర్పడ్డాయి. ఆ చెరువు పూడికే ఇప్పుడు నల్లరాతి పొరల మధ్య బూడిద రంగు, ఆకుపచ్చ రంగు మట్టిగా, సున్నపు రాయిగా, చెకుముకి రాయిగా కనిపిస్తుంది. వీటిని ఇంటర్‌ట్రాపియన్ పొరలంటారు. కప్పల కోసం వెతికేవాళ్లు ముందు చూడాల్సింది వీటినే. తెలంగాణలోని నాస్కల్‌లో ఇలాంటి పొర నుంచే కప్ప ఎముకలు, డెక్కనోలెస్టిస్ అనే చిన్న క్షీరదం పళ్లు దొరికాయి. ఆసిఫాబాద్ దగ్గరి పొరలు కూడా సూక్ష్మ వెన్నెముక జీవుల శిలాజాలిచ్చాయి. ముంబయి వర్లీలోనైతే చిన్న కప్పల అస్థిపంజరాలు చెదరకుండా బయటపడ్డాయి. 1847లో రిచర్డ్ ఓవెన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త వాటికి రాణా పుసిల్లా అని పేరు పెట్టాడు. 1930లో నోబుల్ అనే శాస్త్రవేత్త దాన్ని ఇండోబాట్రాకస్ అనే కొత్త ప్రజాతికి మార్చాడు.

రెండోది చంద్రపూర్ జిల్లా వరోరా వైపు పిస్దురా, డోంగర్‌గావ్ పరిసరాల్లోని లమేటా పొర. శిలాజంగా మారిన పేడ ముద్దలు, తాబేళ్లు, పెద్ద డైనోసార్ల ఎముకలు అక్కడ దొరికాయి. మూడోది సిరోంచా దగ్గర ప్రాణహిత ఒడ్డున ఉన్న కోటా పొర. ఇది ఇంకా పాతది, జురాసిక్ కాలానిది. కోటా సున్నపు రాయిని పగలగొడితే నల్లగా, నూనె రాసినట్టు మెరిసే డైమండ్ ఆకారపు పొలుసులు కనిపిస్తాయి. అవి లెపిడోటిస్ అనే చేపవి. కోటా మట్టిని కడిగినవాళ్లకు బల్లుల దవడలు, తొలి క్షీరదాల పళ్లు దొరికాయి. అంత చిన్నవి నిలిచిన మట్టిని కప్ప కోసం కడగడం దండగ కాదు.

పొరను గుర్తుపట్టడానికి ఒక చిట్కా: ఇంటర్‌ట్రాపియన్ రాతిలో నత్తగుల్లలు, ముఖ్యంగా ఎడమవైపు తిరిగే ఫైసా గుల్లలు కనిపిస్తే అది మంచినీటి మడుగు పూడిక. కప్ప బతికే చోటు అదే. గుల్లల్లేని గట్టి ఎర్రమట్టి పొర చాలాసార్లు లావా వేడికి కాలిన పాత నేల. దానిమీద టైం పెట్టొద్దు.

చదువు

పది తర్వాత సైన్స్, డిగ్రీలో జియాలజీతో పాటు జువాలజీ దొరికే కాలేజీ చూసుకోండి. రెండూ కలిసి దొరక్కపోతే జియాలజీ తీసుకుని, జువాలజీ సొంతంగా చదవండి. ఎమ్మెస్సీ సీటుకీ, ఉద్యోగానికీ అడిగేది జియాలజీ డిగ్రీనే. నాగ్‌పూర్ యూనివర్సిటీ జియాలజీ విభాగం, నాందేడ్‌లోని స్వామి రామానంద తీర్థ మరాఠ్వాడా యూనివర్సిటీ ఎర్త్ సైన్సెస్ విభాగం మనకు దగ్గర. హైదరాబాద్‌లో ఉస్మానియా ఉంది గానీ, మహారాష్ట్రలో చదివినవాళ్లు అక్కడ నాన్‌లోకల్ కింద లెక్క, సీట్లు తక్కువ. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ పరీక్షలో జియాలజీ పేపర్ రాయాలి.

ఎమ్మెస్సీలో డిసర్టేషన్ అంశం దగ్గర చాలామంది తప్పటడుగు వేస్తారు. సులువుగా అయిపోతుందని నీటి నాణ్యతో, రిమోట్ సెన్సింగో తీసుకుంటారు. తర్వాత శిలాజాల గైడు దగ్గరికి వెళ్తే చూపించడానికి ఏమీ ఉండదు. మీ ఊరి పక్క ఇంటర్‌ట్రాపియన్ పొర ఒక్కటి తీసుకుని, అందులోని నత్తలు, చిన్న పెంకు జీవులైన ఆస్ట్రకోడ్‌లు, చేప పళ్లు చూపించినా చాలు. కప్ప దొరక్కపోయినా పని నేర్చుకున్నట్టే.

కప్ప ఎముకలు నేర్చుకోవడం

ఈ మెట్టును ఎవరూ సిలబస్‌లో పెట్టరు. మేము మాత్రం అన్నిటికంటే ముందు దీన్నే పెడతాం.

కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో పాత చెక్కపెట్టెలో విడివిడి కప్ప ఎముకలుంటాయి. లేబుల్ మీద రాణా టైగ్రినా అని ఉంటుంది, ఇప్పటి పేరు హోప్లోబాట్రాకస్ టైగెరినస్. ఆ పెట్టె అడిగి తీసుకోండి. కొత్తగా కప్పను పట్టడం, చంపడం చేయొద్దు. అవి వన్యప్రాణి చట్టం పరిధిలోని జీవులు. రోడ్డు మీద చచ్చిన కప్ప అస్థిపంజరం కావాలన్నా కాలేజీ ద్వారా అటవీ శాఖ అనుమతి తీసుకునే చేయాలి.

ప్రతి ఎముకనూ పైనుంచి, కిందనుంచి, లోపలివైపు, బయటివైపు, చివరనుంచి అయిదు బొమ్మలు గీయండి. ఫొటో చాలదు. గీసినప్పుడే గాడి ఎక్కడుందో, బొడిపె ఎక్కడుందో కంటికి పడుతుంది.

శిలాజాల్లో ఎక్కువ పనికొచ్చేది ఇలియం, అంటే తుంటి ఎముక. సన్నని పొడవాటి కాడ, వెనక చివర కప్పులాంటి గుంట, ఆ గుంటకు పైన ఒక బొడిపె. ఇంత పొడవు కాడ ఉన్న ఇలియం మన మట్టిలో దొరికే బల్లికి గానీ చేపకు గానీ ఉండదు. దొరికిన ముక్క ఎడమదా కుడిదా తేల్చడం ఇలా: గుంట మీవైపు చూసేలా, బొడిపె పైకి ఉండేలా పెట్టండి. కాడ మీ ఎడమ చేతివైపు పోతే అది ఎడమ ఇలియం, కుడివైపు పోతే కుడిది. ఈ లెక్క అవసరం. ఒక పొరలో 7 ఎడమ, 4 కుడి ఇలియాలు ఒకే జాతివి దొరికితే కనీసం 7 కప్పలున్నాయని చెప్పగలరు, 11 అని కాదు.

కాడ మీద కత్తి అంచులా నిలువు పలక లేచి ఉంటే రానిడ్లు, అంటే మామూలు కప్పల కుటుంబం వైపు చూడాలి. పలక లేకుండా బొడిపె గట్టిగా ఉంటే బ్యూఫోనిడ్లు, అంటే గోదురు కప్పల వైపు చూడాలి. "చూడాలి" అనే అంటున్నాం, "అదే" అనడం లేదు. వేర్వేరు కుటుంబాల్లో ఒకే ఆకారం మళ్లీ మళ్లీ పుట్టింది. ఇలియం ఒక్కటి పట్టుకుని కుటుంబం పేరు రాస్తే తర్వాత దాన్ని మార్చుకోవాల్సి రావచ్చు.

మిగతావాటిలో ముంజేతి రెండెముకలు కలిసిపోయి ఒకటవుతాయి, పిక్కలోనూ అంతే. పిక్క ఎముక విరిగిన చోట అడ్డకోత చూస్తే రెండు గొట్టాలు పక్కపక్కనే కనిపిస్తాయి. భుజం ఎముక కింది చివర గోళీలాంటి గుండు ఉంటుంది. తుంటి దగ్గరి త్రికపూసకు రెండు రెక్కలుంటాయి. రానిడ్లలో అవి కడ్డీల్లా, గోదురు కప్పల్లో విశాలంగా ఉంటాయి. దాని వెనక పూసలన్నీ కలిసి ఒకే కర్రలాంటి యూరోస్టైల్ అవుతుంది. కింది దవడకు దాదాపు ఏ కప్పకూ పళ్లుండవు. కాబట్టి పళ్లున్న కింది దవడ దొరికితే ముందు బల్లినో చేపనో అనుమానించండి.

అనుమతులు

మొదట సాత్‌బారా (పొలం హక్కుల కాగితం) ఎవరి పేరుమీదుందో తలాఠి, అంటే ఊరి భూముల లెక్కలు చూసే ఉద్యోగి దగ్గర తెలుసుకోండి. రైతు దగ్గరికి వెళ్లి, "కాకా, మీ బావి మట్టిలో పాత నత్తలున్నాయి, నాలుగు సంచులు తీసుకుపోతాం" అని సూటిగా చెప్పండి. నిధి తవ్వుతున్నారని పుకారు పుడితే పని అక్కడితో ఆగిపోతుంది. అందుకే కడిగిన మట్టిలో దొరికిన నత్తలు నాలుగు ఆయన చేతిలో పెట్టి చూపించండి. ఐదో షెడ్యూలు గ్రామాల్లో గ్రామసభకు ముందే చెప్పాలి. పోలీస్ పాటిల్‌కు కాగితం ఇచ్చి ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. అడవి భూమైతే అటవీ శాఖ రాతపూర్వక అనుమతి తప్పదు. తాడోబా, తిపేశ్వర్ లాంటి రక్షిత అడవుల్లో అది లేకుండా ఒక్క రాయి కూడా ఎత్తొద్దు. కాలేజీ లెటర్‌హెడ్ మీద మరాఠీలో రాసిన ఉత్తరం సగం పని చేసిపెడుతుంది.

ఎప్పుడు, ఎలా తీయాలి

వానలు కొత్త మట్టిని కోసి పెడతాయి, కానీ అప్పుడు రేగడిలో కాలు దిగబడుతుంది. పత్తి, కంది చేతికొచ్చేదాకా చేలల్లోకి పోలేం. నవంబరు నుంచి వాగు గట్లు, నది ఒడ్డులు చూడండి, పంట తీశాక ఫిబ్రవరి, మార్చి తొలి వారాల్లో చేలు చూడండి. ఏప్రిల్ తర్వాత చంద్రపూర్ ఎండకు మధ్యాహ్నం పని పెట్టుకోవద్దు. భూకోశ్ పోర్టల్‌లో జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) భూవిజ్ఞాన పటాలు చూసి, లావా ప్రవాహాల హద్దులు వాగును ఎక్కడ దాటుతున్నాయో ముందే గుర్తుపెట్టుకోండి. కొత్తగా తవ్విన బావుల గుట్టలు తప్పక చూడండి. తాజా మట్టి కాబట్టి ఎముక చెడకుండా ఉంటుంది. అయితే బావి గుట్టలో పొరలు కలిసిపోతాయి. బావి గోడలో అది ఏ లోతుదో కొలిచి తేల్చుకోవాలి.

పొర మందం టేపుతో కొలవండి. కింద ఏ నల్లరాయి, పైన ఏ నల్లరాయి, మధ్యలో ఎన్ని మట్టి రకాలు, రంగు, గుల్లలు అన్నీ పుస్తకంలో గీయండి. జీపీఎస్ అంకెలు డబ్ల్యూజీఎస్ 84 అనే ప్రామాణిక పద్ధతిలో రాయండి. ముందు ఒక్కో ఉపపొర నుంచి 2 కిలోలు మాత్రమే తీయండి. అవి కడిగి, ఎముక ఉన్న ఉపపొర తేలాకే 50 కిలోలకు, ఆ తర్వాత టన్నుకు వెళ్లండి. మొదటిరోజే అయిదు బస్తాలు మోసుకెళ్తే ఖాళీ మట్టి కడుగుతూ ఒక సీజన్ పోతుంది. సంచి లోపల ఒక చీటీ, బయట ఒక చీటీ. లోపలి చీటీ పెన్సిల్‌తో రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టండి. పెన్ను సిరా తడికి పోతుంది.

మట్టి కడగడం

ముందు మట్టిని ఉసిరికాయంత ముక్కలు చేసి, ఎండలో మూడు నాలుగు రోజులు గలగలలాడేదాకా ఎండబెట్టాలి. ఈ ఒక్క పని సరిగ్గా చేయకపోవడం వల్లే చాలా మట్టి విచ్చుకోదు. ఎండిన మట్టి సందుల్లోకి నీళ్లు ఒక్కసారిగా చొచ్చుకుపోయి దాన్ని పగలగొడతాయి. లోపల తడి మిగిలితే ఆ సందులు ముందే నిండి ఉంటాయి, ముద్ద ముద్దగానే ఉండిపోతుంది.

ఎండిన మట్టి మీద నీళ్లు పోసి రాత్రంతా వదిలేయండి. విచ్చుకోకపోతే మళ్లీ ఎండబెట్టి మళ్లీ నానబెట్టండి. మూడు నాలుగు సార్లకు చాలా మట్టి లొంగుతుంది. లొంగకపోతే 5 లీటర్ల నీటికి పిడికెడు చాకలి సోడా వేయండి. ఇంకా గట్టిదైతే కిరోసిన్ పద్ధతి: పూర్తిగా ఎండిన మట్టిని కిరోసిన్‌లో ఒక రాత్రి నానబెట్టి, కిరోసిన్ వంచి వడకట్టి దాచుకుని, వెంటనే నీళ్లు పోయాలి. నీళ్లు కిరోసిన్‌ను తోసుకుంటూ లోపలికి పోయి మట్టిని చీలుస్తాయి. ఇది ఆరుబయట, పొయ్యికి దూరంగా చేయాలి. కిరోసిన్ నీళ్లను వాగులో వదలొద్దు.

కర్రతో కలపొద్దు. బకెట్టును మెల్లగా కదిపి, పైన తేలే బురద నీళ్లను జల్లెడలోకి వంచాలి. జల్లెడలు మూడు, ఒకదానిమీద ఒకటి: పైన 2 మిల్లీమీటర్లు, మధ్యలో అర మిల్లీమీటరు, కింద పావు మిల్లీమీటరు. ఏఎస్‌టీఎం (అమెరికా ప్రమాణాల) లెక్కలో అవి 10, 35, 60 నంబర్లు. కప్ప ఎముకలు ఎక్కువగా మధ్య జల్లెడలో ఆగుతాయి. డబ్బు ఆదా చేద్దామని అర మిల్లీమీటరుతో ఆపేస్తే దవడ ముక్కలు, పళ్లు కిందికి పోతాయి. జల్లెడను నీళ్లలో ముంచి పైకీ కిందికీ ఆడించాలి. పైపు ధార నేరుగా కొట్టొద్దు. కప్ప ఎముక గొట్టంలా బోలుగా ఉంటుంది, ధార దెబ్బకు చివరలు రాలిపోతాయి. మనకు కావలసిన ఆనవాళ్లన్నీ ఆ చివరల్లోనే ఉంటాయి.

ఒక చోటి మట్టి అయ్యాక జల్లెడను బ్రష్షుతో కడిగి, మిథిలీన్ బ్లూ నీళ్లలో ముంచి తీయండి. రంధ్రాల్లో ఇరుక్కున్న పాత గింజలు నీలంగా మారతాయి. తర్వాతి మట్టిలో నీలం గింజ కనిపిస్తే అది పాత చోటిదని తెలిసిపోతుంది.

సున్నపు రాయి ఎన్ని నీళ్లు పోసినా కరగదు. దానికి 5 శాతం ఎసిటిక్ ఆమ్లం వాడాలి: 1.9 లీటర్ల నీటిలో 100 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఆమ్లం పోయాలి. నీటిలో ఆమ్లమే పోయాలి, ఆమ్లంలో నీళ్లు కాదు. లీటరుకు 1 గ్రాము కాల్షియం ఫాస్ఫేట్ కలపండి. ఎముక కూడా కాల్షియం ఫాస్ఫేటే. ద్రవంలో అది ముందే ఉంటే ఆమ్లం ఎముక జోలికి తక్కువ వస్తుంది. ఒక రోజు ఆమ్లంలో ఉంచితే కనీసం రెండు మూడు రోజులు మంచినీళ్లు మారుస్తూ నానబెట్టాలి. తొందరపడి ఆరబెడితే లోపల మిగిలిన కాల్షియం ఎసిటేట్ స్ఫటికాలుగా పెరిగి ఎముకను పగలగొడుతుంది. వారం కష్టం ఒక్క పూటలో పొడి అయ్యేది ఇక్కడే. చెకుముకి రాతికి ఈ ఆమ్లం పనిచేయదు. అందులోని ఎముకను సూదితో సూక్ష్మదర్శిని కింద తీయాలి, లేదా రాతిలోనే ఉంచి మైక్రో సీటీ (సూక్ష్మ ఎక్స్-రే స్కాన్) తీయించాలి.

ఏరడం

నీడలో ఆరిన గింజలను గళ్లు గీసిన నల్ల పళ్లెంలో ఒక గింజ మందాన పరచండి. స్టీరియో సూక్ష్మదర్శిని కింద 10 నుంచి 20 రెట్లు పెద్దవి చేసి, గడి గడి చూస్తూ వెళ్లండి. 000 నంబరు బ్రష్షు కొనను తడిచేసి ఎముకను తాకిస్తే అతుక్కుని వస్తుంది. పట్టకారు వాడొద్దు, ఎముక చిట్లి ఎగిరిపోతుంది. గంటన్నర చూసి కళ్లకు విశ్రాంతి ఇవ్వండి. అలసిన కన్ను ఇలియాన్ని రాయి అనుకుని వదిలేస్తుంది.

రేగడి నేలల్లో ఒక మోసం ఉంది. ఇప్పటి కప్పలు కూడా బొరియల్లో చచ్చిపోతాయి. వాటి ఎముకలు తెల్లగా, తేలిగ్గా ఉంటాయి. చిన్న ముక్క కాలిస్తే వెంట్రుక కాలిన వాసన వస్తుంది. శిలాజం గోధుమ, నలుపు రంగుల్లో, బరువుగా ఉంటుంది, గాడిలో రాతి మట్టి అంటుకుని ఉంటుంది. ఆ మట్టిని పూర్తిగా తీసేయకండి, అదే సాక్ష్యం.

ఎముకను మైక్రో స్లైడ్ గుంటలో ట్రాగకాంత్ బంకతో నిలపండి. నీళ్ల చుక్క పడితే ఊడి వస్తుంది. ఫెవిక్విక్ లాంటివి వాడితే తర్వాత రెండోవైపు చూడలేరు. పగుళ్లున్న ఎముకకు ఎసిటోన్‌లో కలిపిన 5 శాతం పారలాయిడ్ బీ-72 అనే జిగురు ఒక చుక్క చాలు.

పేరు పెట్టేదాకా

ఎస్‌ఈఎం (ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని) చిత్రాలు, కుదిరితే మైక్రో సీటీ తీయించాక, ప్రపంచంలోని దగ్గరి శిలాజాలతో పోల్చాలి. మడగాస్కర్‌లోని ట్రయాడోబాట్రాకస్, దాదాపు 25 కోట్ల ఏళ్లది. అదే ద్వీపంలోని బీల్జెబుఫో. గుజరాత్ వస్తాన్ లిగ్నైట్ గని నుంచి 2013లో వర్ణించిన ఇండోరానా, ఇయోబార్బోరులా. ఇండియా, మడగాస్కర్ ఒకప్పుడు ఒకే భూభాగం కాబట్టి వీటిని చూడకుండా పేపర్ ముగించొద్దు. కొత్త జాతి అని ధైర్యంగా చెప్పాలంటే కనీసం ఇలియంతో పాటు ఇంకో ఎముకైనా ఉండాలని మా అభిప్రాయం. రకపు నమూనాకు (కొత్త పేరుకు ఆధారమైన ఎముకకు) నంబరు వేసి, ఎవరైనా వచ్చి చూడగల సంస్థలో జమచేయాలి. ఇంట్లో బీరువాలో పెట్టుకున్న నమూనా మీద పెట్టిన పేరును ఎవరూ నమ్మరు. ఆన్‌లైన్ పత్రికలో అచ్చయితే జంతువుల శాస్త్రీయ పేర్లు నమోదుచేసే జూబ్యాంక్‌లో నమోదు తప్పనిసరి.

జీతం, పరీక్షలు

కప్ప శిలాజాల నిపుణుడు అని బోర్డు పెట్టిన ఉద్యోగం దాదాపు ఉండదు. పరిశోధనకు మొదటి మెట్టు సీఎస్ఐఆర్ నెట్, ఎర్త్ సైన్సెస్ సబ్జెక్టు. జేఆర్‌ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, రెండేళ్ల తర్వాత 42,000 రూపాయలు. లక్నోలోని బీర్బల్ సాహ్ని సంస్థ, డెహ్రాడూన్ వాడియా సంస్థ, కోల్‌కతా ఐఎస్ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్), ఢిల్లీ, పంజాబ్ యూనివర్సిటీలు ఈ రంగంలో పేరున్న చోట్లు. జీఎస్ఐలో జియాలజిస్టు కావాలంటే యూపీఎస్సీ జియో సైంటిస్ట్ పరీక్ష రాయాలి: ప్రిలిమ్స్ 400, మెయిన్స్ 600, ఇంటర్వ్యూ 200 మార్కులు. అందులో చేరినా శిలాజ విభాగమే దొరుకుతుందన్న హామీ లేదు. కాలేజీ లెక్చరర్ దారికి మహారాష్ట్ర సెట్ కూడా పనికొస్తుంది. బొగ్గు గనుల జియాలజిస్టు ఉద్యోగానికి చదువుకుంటూనే ఈ పని కొనసాగించడం తప్పేం కాదు, ఇంటి పరిస్థితి అలా ఉన్నవాళ్లకు అదే మంచిది.

గైడుకు మొదటి మెయిల్ రాసేటప్పుడు "చిన్నప్పటి నుంచి శిలాజాలంటే ఇష్టం" అని మొదలుపెట్టొద్దు. పొర ఎక్కడుంది, మందం ఎంత, ఎన్ని కిలోలు కడిగారు, ఏ జల్లెడలో ఏం ఆగింది అన్నవి అయిదారు వాక్యాల్లో రాయండి. సెక్షన్ బొమ్మ (పొరల వరుస గీసిన బొమ్మ) ఒకటి, స్కేలు పక్కన పెట్టి తీసిన ఎముక ఫొటోలు రెండు జతచేయండి. ఎముకకు పేరు తెలియకపోతే తెలియదనే రాయండి. మూడు వారాల్లో జవాబు రాకపోతే ఇంకోసారి రాయండి, ఈలోపు మరో 20 కిలోలు కడిగి ఆ సంగతి కూడా చేర్చండి.